తరుగు లెక్క: అణు తనిఖీల వెనకనున్న ప్రయోగశాలల కథ

బంగారం ఇచ్చి నగ చేయించుకునే అలవాటున్న ఇళ్ళల్లో పెరిగిన మనందరికీ తరుగు అంటే ఏమిటో తెలుసు. పది తులాలు ఇస్తే పది తులాల నగ రాదు. కరిగించినప్పుడు కొంత, ఆకురాయి పట్టినప్పుడు కొంత, మెరుగు పెట్టినప్పుడు కొంత పోతుంది. ఆచారిగారు ఎంత నమ్మకస్తులైనా సరే, ఆ పోయినది ఎక్కడికి పోయిందో ఒక్క తూకం చూసి చెప్పడం కష్టం. కుంపటి బూడిదలో ఉండవచ్చు, పనిబల్ల పగుళ్ళలో ఉండవచ్చు, అసలు త్రాసులోనే తేడా ఉండవచ్చు.

ఇప్పుడు బంగారం స్థానంలో యురేనియాన్నీ, ప్లుటోనియాన్నీ పెట్టి చూడండి. ఇల్లాలి స్థానంలో ప్రపంచాన్ని కూర్చోబెట్టండి. అణు కర్మాగారంలోనూ పదార్థం గొట్టాలకి అంటుకుంటుంది, వడపోత గుడ్డల్లో ఇరుక్కుంటుంది, కడిగిన నీళ్ళలో పోతుంది. ఏడాది చివర లెక్క చూస్తే పుస్తకంలో ఉన్నదానికీ, చేతికి దొరికినదానికీ తేడా వస్తుంది. ఆ తేడాకి అణు పరిభాషలో పెట్టిన పేరు కూడా అటువంటిదే: లెక్కకి రాని పదార్థం. ఎంత తేడా వస్తే కంగారు పడాలి? వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, మనం వార్తల్లో వినే ఐ.ఎ.ఇ.ఎ., దీనికి కొన్ని అంకెలు పెట్టుకుంది. ప్లుటోనియం అయితే 8 కిలోలు. బాగా శుద్ధి చేసిన యురేనియం అయితే అందులో 235 రకం 25 కిలోలు. అంతకంటే తక్కువలో బాంబు తయారు కాదని కాదు. అంత పదార్థం కనపడకుండా పోతే ఒక బాంబు తయారయే అవకాశాన్ని తోసిపుచ్చలేమని.

ఈ లెక్క చూసే ఏర్పాటునే సేఫ్‌గార్డ్స్ అంటారు. ఇరాక్, ఇరాన్, ఉత్తర కొరియాల గొడవల్లో టీవీల్లో కనపడేది నీలం టోపీలు పెట్టుకున్న ఇన్‌స్పెక్టర్లు. వాళ్ళ చేతి పెట్టెలో ఉన్న పరికరం ఎక్కడ పుట్టిందో, ఎవరు డబ్బు పెట్టారో, ఎందుకు పెట్టారో ఎవరూ చెప్పరు. నా దృష్టిలో అసలు కథ అక్కడే ఉంది. అందులో మన దేశానికీ, మన హైదరాబాదుకీ ఉన్న పాత్ర చిన్నది కాదు.

హామీ ముందు, పనిముట్టు తరవాత

1953 డిసెంబరు 8న అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఐక్యరాజ్య సమితిలో “శాంతి కోసం అణువు” ప్రసంగం చేశారు. అణుశక్తిని అందరికీ పంచుదాం, బదులుగా దాన్ని బాంబులకి వాడమని మాట తీసుకుందాం, ఆ మాట నిలబెట్టుకుంటున్నారో లేదో చూడడానికి ఒక సంస్థ పెడదాం అన్నది దాని సారాంశం. 1957 జులైలో ఆ సంస్థ వియన్నాలో పుట్టింది.

దాని నిబంధనావళి మీద 1956లో జరిగిన చర్చల్లో తనిఖీల అధికారాన్ని గట్టిగా ప్రశ్నించిన దేశాల్లో ముందున్నది భారతదేశం. హోమీ భాభా వాదన సూటిగా ఉండేది. సొంతంగా అన్నీ ఉన్నవాడికి తనిఖీ ఉండదు, సాయం అడిగినవాడికి మాత్రం తరతరాలకీ ఉంటుంది, ఇదేం న్యాయం? ఆ వాదనలో ఉన్న బలాన్ని ఈనాటికీ కాదనలేం. అలాగని భాభా ఆ సంస్థకి దూరంగా ఉన్న మనిషి కాదు. 1955లో జెనీవాలో జరిగిన మొట్టమొదటి అణుశక్తి మహాసభకి అధ్యక్షుడాయనే. 1966 జనవరిలో మాఁబ్లాఁ కొండ మీద కూలిన విమానంలో ఆయన వెడుతున్నదీ వియన్నాకే, ఆ సంస్థ శాస్త్ర సలహా సంఘం సమావేశానికే.

వాదాలు ఎలా ఉన్నా, తొలి రోజుల్లో తనిఖీ అంటే పుస్తకాలు చూడడం, డబ్బాలు లెక్కపెట్టడం. సంస్థ మొదటి తనిఖీ 1962లో నార్వేలోని ఒక పరిశోధన రియాక్టరు మీద జరిగింది. 1964లో అమెరికా తనకి ఆ అవసరం లేకపోయినా మాసచూసెట్స్‌లోని రో ఊళ్ళో ఉన్న యాంకీ రియాక్టరుని తనిఖీకి ఒప్పజెప్పింది, మిగతావాళ్ళకి దారి చూపడానికి. డబ్బాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టవచ్చు. డబ్బాలో ఉన్నది యురేనియమా, సీసమా? యురేనియమే అయితే ఎంత శుద్ధిది? అది తెలియాలంటే మూత తీసి, చిటికెడు పొడి తీసుకుని, రసాయన శాలకి పంపి, వారాల తరబడి ఎదురు చూడాలి.

ఆ పద్ధతి ఎంత బలహీనమో అమెరికాకి సొంత ఇంట్లోనే తెలిసి వచ్చింది. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళినవాళ్ళు ఈ సభల్లో వందల మంది ఉంటారు. ఆ గుడి నుంచి గంటలోపు ప్రయాణంలో అపోలో అనే చిన్న ఊరుంది. ఆ ఊరి మధ్యలో అప్పట్లో అణు ఇంధనం తయారుచేసే కర్మాగారం ఒకటి ఉండేది. 1965లో ప్రభుత్వం లెక్క చూస్తే అక్కడ బాగా శుద్ధి చేసిన యురేనియం 200 పౌన్ల పైచిలుకు తేడా వచ్చింది. దొంగతనమా, తరుగా? కొంత గొట్టాల్లోనూ, నేలలోనూ, చెత్తలోనూ దొరికింది. ఇజ్రాయెల్‌కి చేరిందని కొందరు అనుమానించారు. దర్యాప్తులు దశాబ్దాల పాటు సాగాయి, తేలలేదు. తేలకపోవడానికి కారణం దర్యాప్తు చేసినవాళ్ళ చేతకానితనం కాదు, కొలిచే పనిముట్టు లేకపోవడం. తూకం నమ్మదగ్గది కానప్పుడు దొంగని పట్టుకోవడమూ కష్టమే, నిర్దోషిని విడిపించడమూ కష్టమే.

బాంబు చేసినవాళ్ళే కాపలాదారులు

న్యూయార్క్ నుంచి లాంగ్ ఐలండ్ మీదుగా తూర్పుకి అరవై మైళ్ళు వెడితే అప్టన్ వస్తుంది. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ సైనిక శిబిరంగా ఉన్న ఆ చోట 1947లో బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాల వెలిసింది. అందులో పనిచేసిన విలియం హిగిన్‌బాథమ్ పేరు మన పిల్లల్లో వీడియో ఆటల చరిత్ర తెలిసినవాళ్ళు గుర్తుపడతారు. 1958లో ప్రయోగశాల చూడడానికి వచ్చే జనానికి విసుగు పుట్టకుండా ఉండాలని అయిదంగుళాల ఆసిలోస్కోపు తెర మీద ఇద్దరు ఆడే టెన్నిస్ ఆట ఒకటి ఆయన తయారుచేశాడు. జనం బారులు తీరి ఆడారు. వీడియో ఆటలకి తాతల్లో ఒకటని దాన్ని ఇప్పుడు అంటారు.

ఆయనకి మాత్రం ఆ పేరు రుచించలేదు. యుద్ధ కాలంలో ఆయన లాస్ అలమోస్‌లో ఎలెక్ట్రానిక్స్ బృందానికి నాయకుడు; మొదటి అణుబాంబులో సమయం చూసి పేల్చే వలయాల పని ఆ బృందానిదే. యుద్ధం అవగానే 1945లో వాషింగ్టన్ వెళ్ళి, అణుశక్తి సైన్యం చేతుల్లో ఉండకూడదని పోరాడిన శాస్త్రవేత్తల సమాఖ్యకి మొదటి అధ్యక్షుడయ్యాడు. 1968లో బ్రూక్‌హేవెన్‌లో అణు పదార్థాల కాపలా మీద పరిశోధించే చిన్న విభాగం ఒకటి మొదలైనప్పుడు దాన్ని మొదలుపెట్టినవాళ్ళలో ఆయన ఒకరు. మిగిలిన జీవితమంతా, 1994లో పోయేదాకా, ఆ పనిలోనే ఉన్నాడు. అణు పదార్థాల నిర్వహణ పత్రికకి చాలా ఏళ్ళు సాంకేతిక సంపాదకుడు. తండ్రిని ఆటతో కాక ఈ పనితో గుర్తుపెట్టుకోవాలని ఆయన కొడుకు అడిగినవాళ్ళందరికీ చెప్పేవాడట. ఆ కోరిక పెద్దగా తీరలేదనే అనాలి. ఆయన పేరు వెతికితే మొదట వచ్చేది ఇప్పటికీ టెన్నిసే.

రెండో మనిషి రాబర్ట్ కీపిన్. లాస్ అలమోస్ భౌతిక శాస్త్రవేత్త. 1963 నుంచి 65 దాకా వియన్నాలో ఐ.ఎ.ఇ.ఎ. భౌతిక విభాగంలో పనిచేశాడు. ఇన్‌స్పెక్టర్ల చేతిలో ఏమీ లేదన్నది అక్కడ కళ్ళారా చూశాడు. తిరిగి వెళ్ళి 1966లో ఒక పరిశోధన మొదలుపెట్టాడు. మూత తీయకుండా, పొడి ముట్టుకోకుండా, డబ్బా బయట నుంచే లోపల ఏముందో, ఎంత ఉందో కొలవాలి. అంతే.

ఇది ఎలా సాధ్యం? అణు పదార్థం మౌనంగా ఉండదు. యురేనియం 235 ఎప్పుడూ ఒకే శక్తి గల గామా కిరణాన్ని, సుమారు 186 కిలో ఎలెక్ట్రాన్ వోల్టుల దాన్ని, విడిచిపెడుతూ ఉంటుంది. ఆ కిరణాలు ఎన్ని వస్తున్నాయో లెక్కపెడితే డబ్బాలోని యురేనియం ఎంత శుద్ధిదో చెప్పవచ్చు. ప్లుటోనియం సంగతి ఇంకా సొగసైనది. అందులోని 240 రకం పరమాణువులు ఎవరూ కదపకుండానే అప్పుడప్పుడు వాటంతట అవే చీలిపోతాయి. చీలినప్పుడల్లా రెండో మూడో న్యూట్రాన్లు ఒకేసారి బయటికి వస్తాయి. చుట్టుపక్కల నుంచి వచ్చే న్యూట్రాన్లు ఒంటరిగా వస్తాయి, ఇవి మాత్రం జంటలుగా వస్తాయి. కనక జంటలని మాత్రమే లెక్కపెట్టే యంత్రం చేస్తే ప్లుటోనియం బరువు తెలుస్తుంది. పెళ్ళి పందిట్లోకి వస్తున్న జనంలో దంపతులెందరో గుమ్మం దగ్గర నిలబడి లెక్కపెట్టడం లాంటిది. హోవర్డ్ మెన్లవ్ వంటి లాస్ అలమోస్ శాస్త్రజ్ఞులు ఈ ఊహని ఇన్‌స్పెక్టరు తీసుకువెళ్ళగల యంత్రంగా మలిచారు. 1980 నుంచి ఐ.ఎ.ఇ.ఎ. ఇన్‌స్పెక్టర్లు ఈ కొలత విద్య నేర్చుకోవడానికి లాస్ అలమోస్‌కే వస్తున్నారు. బాంబు పుట్టిన ఊరికి!

ఇందులో ఇంకో విచిత్రం. ఆ న్యూట్రాన్లని పట్టే గొట్టాల్లో నింపేది హీలియం 3 అనే వాయువు. అది దొరికే ప్రధానమైన చోటు హైడ్రోజన్ బాంబుల కోసం దాచిన ట్రిటియం. అది కాలక్రమేణా క్షీణించి హీలియం 3 అవుతుంది. బాంబుల నిల్వలు తగ్గిన కొద్దీ, సరిహద్దుల్లో నిఘా యంత్రాలకి వాడకం పెరిగిన కొద్దీ, 2008 తరవాత ఆ వాయువుకి కరువొచ్చింది. దానికి ప్రత్యామ్నాయాలు వెతకడం మళ్ళీ ఒక పరిశోధన.

1974 మే 18

అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం 1970లో అమలులోకి వచ్చేసరికి ఐ.ఎ.ఇ.ఎ. పని ఒక్కసారిగా పెరిగింది. అంతకుముందు ఎవరైనా సాయంగా ఇచ్చిన సరుకు మీదే తనిఖీ. ఒప్పందం మీద సంతకం చేసిన, ఆయుధాలు లేని దేశాల్లో ఇప్పుడు మొత్తం అణు పదార్థమంతా చూడాలి. పని పెరిగింది, పనిముట్లు లేవు. సంస్థ బడ్జెట్టు సభ్య దేశాల చందాలతో నడిచేది. ఆ డబ్బు జీతాలకీ ప్రయాణాలకీ సరిపోయేది. కొత్త యంత్రాలు కనిపెట్టే ప్రయోగశాలలు పెట్టుకునే స్తోమత లేదు.

ఆ స్థితిలో పోఖ్రాన్ పేలింది. ఆ ప్లుటోనియం వచ్చిన సైరస్ రియాక్టరు కెనడా ఇచ్చినది, అందులో భారజలం అమెరికా ఇచ్చినది. శాంతియుత ప్రయోజనాలకే వాడతామన్న మాట తప్ప దాని మీద ఐ.ఎ.ఇ.ఎ. తనిఖీ లేదు. మనం దాన్ని శాంతియుత పరీక్ష అన్నాం; వాళ్ళు మాట తప్పారన్నారు. ఆ తగువులోకి ఇక్కడ దిగను. కాని ఫలితం మాత్రం చరిత్ర. సరఫరా చేసే దేశాలన్నీ ఒక కూటమి కట్టాయి. ఇచ్చిన ప్రతి సరుకు మీదా తనిఖీ ఉండాలన్నాయి. తనిఖీ ఉండాలన్నవాళ్ళు తనిఖీకి పనిముట్లు కూడా ఇవ్వాలి కదా! 1976 ఫిబ్రవరిలో అధ్యక్షుడు ఫోర్డ్, ఐ.ఎ.ఇ.ఎ. సేఫ్‌గార్డ్స్ బలపరచడానికి అయిదేళ్ళలో 50 లక్షల డాలర్ల దాకా ప్రత్యేక విరాళం ఇవ్వాలని కాంగ్రెసుని కోరారు. ఆ సాయాన్ని నడిపించే కార్యాలయం 1977లో బ్రూక్‌హేవెన్‌లోనే, హిగిన్‌బాథమ్ ఉన్న చోటే, మొదలైంది. కెనడా, పశ్చిమ జర్మనీ, ఆస్ట్రేలియా, బ్రిటన్, జపాన్ వంటివి తమ తమ కార్యక్రమాలతో వెనకే వచ్చాయి. తరవాత్తరవాత ఇటువంటి కార్యక్రమాలు ఇరవై దాకా అయ్యాయి.

భాభా దేశం చేసిన పరీక్ష ఇన్‌స్పెక్టర్ల సంచీ నింపడానికి కారణాల్లో ఒకటైంది. చరిత్రకి ఇలాంటి చమత్కారాలు ఇష్టం.

సాయం ఎలా సాగింది

ఈ సాయం నడిచే పద్ధతి చెప్పుకోదగ్గది. వియన్నా తనకేం కావాలో రాసి అడుగుతుంది. ఏదో ఒక దేశం ఒప్పుకుని, తన ప్రయోగశాలకి డబ్బిచ్చి చేయిస్తుంది. కొన్నిసార్లు మనిషినే పంపుతుంది; జీతం ఆ దేశానిది, పని వియన్నాది. అడిగినదే ఇవ్వాలన్న పట్టు ఎందుకంటే, శాస్త్రజ్ఞుడు ముచ్చటపడి చేసిన యంత్రమూ, ఇన్‌స్పెక్టరుకి పనికొచ్చే యంత్రమూ ఒకటి కావు. ప్రయోగశాలలో అద్భుతంగా పనిచేసినది విమానంలో చేతి సామానుగా ఎక్కదు, ఎక్కినా కస్టమ్స్ వదలదు, వదిలినా దుమ్ములో వేడిలో నడవదు. మన ఊళ్ళకి కంప్యూటర్లు పట్టుకెళ్ళిన పాత రోజులు గుర్తున్నవాళ్ళకి ఇది వివరంగా చెప్పక్కర్లేదు.

కెమెరాల కథ చూడండి. ఇన్‌స్పెక్టరు ఏడాది పొడుగునా రియాక్టరు దగ్గర కూర్చోలేడు. డెబ్బైలు, ఎనభైలలో వాళ్ళు వాడినవి కుటుంబాలు పెళ్ళిళ్ళకి, పుట్టినరోజులకి వాడే 8 మిల్లీమీటర్ల సినిమా కెమెరాలే. ఒకటి ఆగిపోతే ఇంకొకటి ఉండాలని రెండేసి చొప్పున ఒక పెట్టెలో పెట్టి, సీలు వేసి, కొన్ని నిమిషాలకొక బొమ్మ తీసేలా గడియారం తగిలించేవారు. నెలల తరవాత ఫిల్ము కడిగి, ఒక్కో బొమ్మా చూసుకుంటూ కూర్చోవాలి. ఇంతలో బజారులో వీడియో వచ్చింది. ఇళ్ళల్లో ఫిల్ము కెమెరాలు కొనేవాళ్ళు తగ్గారు, తయారీ ఆగింది. అణు కాపలా ఒక్కసారి ఇబ్బందిలో పడింది. అమెరికా, జర్మనీ సాయంతో వీడియో పద్ధతులూ, ఆ తరవాత ఎవరూ మార్చలేకుండా సంకేతలిపిలో భద్రపరిచే డిజిటల్ కెమెరాలూ వచ్చాయి.

సీళ్ళు ఇంకా సాదాసీదావి. గట్టి సీసా మూత అంత లోహపు బిళ్ళ, రెండు ముక్కలు. లోపలి వైపు గీతలు గీసి ఫొటో తీసి పెట్టుకుంటారు. ఆ గీతలు ఏ రెండింటివీ ఒకలా ఉండవు, వేలిముద్రల్లాగ. తీసిన సీలు వియన్నాకి పంపి పాత ఫొటోతో పోలుస్తారు. ఏటా వేల సీళ్ళు అలా తిరిగి వచ్చేవి. అక్కడికక్కడే సరిచూసుకోగల కొత్త రకం సీలు ఈ మధ్యనే, 2020 తరవాత, దాని స్థానంలోకి రావడం మొదలైంది.

వాడేసిన ఇంధనం నీళ్ళ తొట్టిలో ఉంటుంది. అది అసలుదేనా, ఎవరైనా తీసేసి బొమ్మ కడ్డీలు పెట్టారా? చెరెంకోవ్ కనిపెట్టిన నీలి వెలుగు ఇక్కడ పనికొచ్చింది. తీవ్రమైన కిరణాలు నీటిలో ప్రసరిస్తే వచ్చే ఆ వెలుగుని, తొట్టిలోని మామూలు దీపాలు ఆర్పకుండానే చూడగల దుర్భిణీని కెనడా, స్వీడన్ కలిసి అభివృద్ధి చేశాయి.

వీటన్నిటికన్నా కష్టమైన పరీక్ష జపానులో వచ్చింది. టోకాయ్ ఊళ్ళో వాడేసిన ఇంధనం నుంచి ప్లుటోనియం తీసే కర్మాగారం 1977లో తయారైంది. అమెరికా ఇంధనం కనక అమెరికా అనుమతి కావాలి. కార్టర్ ప్రభుత్వం వద్దంది; జపాను మా సంగతేమిటంది. నెలల బేరం తరవాత కర్మాగారం నడవనిచ్చి, అక్కడే కొత్త కొలత పద్ధతులు పరీక్షించడానికి ఒప్పుకున్నారు. 1978 నుంచి 81 దాకా జపాను, అమెరికా, ఫ్రాన్సు, ఐ.ఎ.ఇ.ఎ. కలిసి 13 పనులు పంచుకుని చేశాయి. నడుస్తున్న కర్మాగారమే ప్రయోగశాల అయిందన్నమాట. అయినా తరుగు సమస్య పూర్తిగా తీరలేదు. అంకెలే చెబుతాయి: ఏడాదికి 800 టన్నుల వాడేసిన ఇంధనం శుద్ధి చేసేలా తరవాత రొక్కాషోలో కట్టిన కర్మాగారం నుంచి దాదాపు 8 టన్నుల ప్లుటోనియం రావాలి. కొలతలో నూటికి ఒక్క పాలు తప్పున్నా 80 కిలోలు. అంటే పది బాంబులు త్రాసు తప్పులో దాక్కోగలవు. అందుకే ఏడాదికొకసారి కాక ఎప్పటికప్పుడు కొలవడం, కెమెరాలు, సీళ్ళు అన్నీ కలిపి అల్లుకోవలసి వచ్చింది.

గుడ్డ ముక్క

1991 దాకా ఈ విద్య అంతా చూపించిన సరుకుని కొలిచే విద్య. చూపించని సరుకు మాటేమిటి? గల్ఫ్ యుద్ధం తరవాత ఇరాక్‌లో చూస్తే, ఇన్‌స్పెక్టర్లు ఏళ్ళ తరబడి వెళ్ళి వచ్చిన తువైథాలోనే, వాళ్ళకి చూపించని భవనాల్లో, బాంబు పని సాగిందని తేలింది. చూపించినదంతా లెక్క సరిగ్గానే ఉంది! ఇంతకంటే అవమానం ఏ లెక్కల సంస్థకీ ఉండదు.

దానికి జవాబుగా వచ్చిన ఆయుధం చిన్న నూలు గుడ్డ. యురేనియం పని జరిగిన చోట ఎంత కడిగినా కంటికి కనపడని రేణువులు గోడల మీద, కిటికీ చట్రాల మీద మిగిలిపోతాయి. గుడ్డతో తుడిచి, సంచీలో సంచీ పెట్టి మూసి, ప్రయోగశాలకి పంపితే మిల్లీమీటరులో వెయ్యోవంతు ఉన్న రేణువులోని ఐసోటోపుల పాళ్ళు కూడా చెప్పగలరు. బాంబులు చేసే దేశాలు తమ ప్రయోగశాలల్లో పెంచుకున్న ఈ విద్యని సంస్థకి నేర్పాయి. 1990ల మధ్యలో వియన్నా దగ్గర సైబర్స్‌డోర్ఫ్‌లో దీనికోసం దుమ్ము చొరని ప్రయోగశాల కట్టారు.

దాని దెబ్బ మొదట తగిలినది ఉత్తర కొరియాకి. 1992లో ఆ దేశం సుమారు 90 గ్రాముల ప్లుటోనియం ఒక్కసారి తీశామని చెప్పింది. తీసిన నమూనాలు మాత్రం ఒక్కసారి కాదు, వేర్వేరు ఏళ్ళలో తీశారన్నాయి. ఇరాన్‌లో 2003లో బాగా శుద్ధి చేసిన యురేనియం రేణువులు దొరికినప్పుడు తీర్పు ఇంకోలా వచ్చింది. అవి మావి కావు, కొన్న యంత్రాలతో వచ్చాయని ఇరాన్ అంది. 2005లో పాకిస్తాన్ నుంచి తెచ్చిన భాగాలతో పోల్చి చూస్తే చాలామటుకు ఆ మాట నిజమేనని తేలింది. దొంగని పట్టిన గుడ్డే, ఒక ఆరోపణ నుంచి విడిపించింది కూడా. అపోలోలో ఎవరి చేతిలోనూ లేనిది ఇదే.

1997లో వచ్చిన అదనపు ప్రోటోకాల్ ఇటువంటి నమూనాలు తీసే హక్కుని విస్తరించింది. అయినా డబ్బు సంగతి మారలేదు. ఎనభైల మధ్య నుంచి 2003 దాకా సంస్థ బడ్జెట్టు ధరల పెరుగుదలకి సరిపడా తప్ప పెరగనివ్వలేదు. ఆ కరువు కాలంలో పరికరాలకి ఊపిరి పోసింది ఈ విరాళాలే. 2005లో సంస్థకీ, దాని అధిపతి ఎల్బరాదీకీ నోబెల్ శాంతి బహుమతి వచ్చినప్పుడు ప్రయోగశాలల పేర్లు ఎవరూ అనలేదు.

ఎవరి కన్ను?

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి, రాకపోతే మనం అమాయకులం. అమెరికా డబ్బుతో, అమెరికా ప్రయోగశాలలో చేసిన పెట్టె ఇంకో దేశపు కర్మాగారంలో పెడితే, అది చూసేది ఎవరికోసం? పంపిన మనిషి ఎవరి మనిషి? తనిఖీ చేయించుకునే దేశాలు ఈ మాట అడిగాయి, అడగడం సబబే. సంస్థ చెప్పుకున్న జవాబులు కొన్ని ఉన్నాయి. పరికరాన్ని వాడే ముందు ఆతిథ్య దేశం పరిశీలించుకోవచ్చు. ఒక దేశం చేసిన సీలునో కెమెరానో మోసగించడం సాధ్యమా అని వేరే బృందంతో ప్రయత్నం చేయిస్తారు. ఒక్క దేశం మీదే ఆధారపడకుండా ఉండాలన్నదే అన్ని దేశాల కార్యక్రమాలు ఉండడంలో ఉన్న లాభం. ఈ జవాబులు అనుమానాన్ని తగ్గిస్తాయి, తుడిచెయ్యవు. అమెరికా విరాళం మొదటి నుంచీ అన్నిటికన్నా పెద్దది, అది దాచలేని నిజం. భాభా అడిగిన ప్రశ్న కొత్త బట్టలు కట్టుకుని మళ్ళీ వచ్చినట్టే. కాని ఆ విరాళమే లేకపోతే ఇన్‌స్పెక్టరు 1962లో లాగే డబ్బాలు లెక్కపెడుతూ ఉండేవాడు. అనుమానంతో ఉన్న మంచి త్రాసు మేలా, ఎవరికీ చెందని చెడ్డ త్రాసు మేలా అంటే, నేను మంచి త్రాసునే ఎంచుకుంటాను, అనుమానం దగ్గర పెట్టుకునే.

మౌలాలిలో

ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తా చుట్టుపక్కల పెరిగినవాళ్ళు, అక్కడ ఉద్యోగం చేసినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. పక్కనే మౌలాలిలో న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్, అందరూ ఎన్.ఎఫ్.సి. అనేది, 1971లో మొదలైంది. తారాపూర్ రెండు రియాక్టర్లకీ అమెరికా నుంచి శుద్ధి చేసిన యురేనియం వచ్చేది. దాన్ని ఆక్సైడు పొడిగా మార్చి, బిళ్ళలు కట్టి, కడ్డీల్లో నింపేది హైదరాబాదులోనే. ఆ సరుకు మీద 1971 త్రైపాక్షిక ఒప్పందం ప్రకారం ఐ.ఎ.ఇ.ఎ. తనిఖీ ఉంది కనక, ఇన్‌స్పెక్టర్లు మౌలాలికీ వచ్చేవారు. ఒప్పందం మీద సంతకం చెయ్యని దేశంలో, ఒకే ఆవరణలో, తనిఖీ ఉన్న విభాగమూ, జాదుగూడ యురేనియంతో పనిచేసే తనిఖీ లేని విభాగమూ పక్కపక్కన ఉండేవి. 1978 చట్టం తరవాత అమెరికా సరఫరా ఆపింది. ఎనభైల మొదట్లో ఫ్రాన్సు ఇచ్చింది. దేశం మారినా తనిఖీ ఆగలేదు.

2005 నుంచి 2008 దాకా సాగిన అణు ఒప్పందం గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. మన సంఘాలవాళ్ళు కాంగ్రెసు సభ్యులకి ఉత్తరాలు రాసిన రోజులవి. 2008 ఆగస్టు 1న ఐ.ఎ.ఇ.ఎ. పాలకమండలి భారతదేశానికి ప్రత్యేకమైన ఒప్పందాన్ని ఆమోదించింది. అది 2009 మేలో అమలులోకి వచ్చింది. 22 రియాక్టర్లలో 14 పౌర విభాగంలో ఉంటాయన్నారు. భారత్ అదనపు ప్రోటోకాల్ 2014 జులైలో అమలయింది. తనిఖీకి లోబడే యురేనియం ఫ్రాన్సు, రష్యా, కజకస్తాన్‌ల నుంచి మౌలాలికి రావడం మొదలైంది. ఆ రావడంతో ఎన్.ఎఫ్.సి. లోని మరికొన్ని విభాగాలు కూడా తనిఖీ పరిధిలోకి చేరాయి.

అక్కడి పనివాళ్ళకి దీనర్థం ఒకటే. దిగుమతి యురేనియమూ, దేశీయ యురేనియమూ ఒకే రంగు పొడి, ఒకే రకం బిళ్ళ. కలిసిపోకూడదు. ఇద్దరి బంగారం ఒకే రోజున చేతికి వచ్చిన ఆచారిగారి ఇబ్బంది ఇదే. ఎవరిది ఏ పళ్ళెంలో ఉందో, ఊడ్చిన దుమ్ము ఎవరి ఖాతాలోకి వెడుతుందో, ప్రతి తొట్టికీ విడిగా రాయాలి. రాసినది సరేనో కాదో చూడడానికి వియన్నా నుంచి వచ్చిన మనిషి ఒక పెట్టె తెరిచి, కడ్డీ పక్కన చిన్న గొట్టం పెట్టి, 186 దగ్గర గీత లేస్తుందా అని చూస్తాడు.